పంగ దగ్గరి కొమ్మ

"చిటారు కొమ్మ దాకా ఎక్కింది నేనే. నువ్వేమో కొమ్మ విరగ్గొట్టుకుని పడ్డావు," అన్నయ్య నవ్వాడు.

గాలివానకు కూలిన మా పెరటి చెట్టును సామిల్లులో కోస్తున్నారు. గుర్తుగా చెరో బల్ల చేయించుకుందామని వచ్చాం.

మేస్త్రీ ఓ పలక మీద పొట్టు ఊదాడు. "పంగ దగ్గర పాత కొమ్మ మొదలుందమ్మా. ఊరికే విరిగింది కాదు. ఎవరో సగం దాకా రంపంతో కోసి వదిలేశారు."

నేను పడింది ఆ కొమ్మ మీంచే. నా చెయ్యి ఇప్పటికీ వంకరే.

అన్నయ్య నవ్వు ఆగింది. "నన్ను మించి ఎక్కేదానివి. చిన్నతనం కదే..." అంటూ భుజం మీద చెయ్యి వేశాడు.

బల్లి పడ్డట్టు దులిపేసుకున్నాను.

"మేస్త్రీ గారూ, నాకు బల్ల వద్దు. ఈ పలక అన్నయ్య బల్లకే వెయ్యండి. కంచం పెట్టుకునే చోట."