నాలుగు పీతల వాకిలి

కణమనే మడుగులో పెద్ద కప్పలకు పొటాషియాలని పేరు, చిన్నవాటికి సోడియాలని. గట్టు కంతలోంచి బయటికి జారిన చిన్నవన్నీ కొంగ నోట్లో పడుతున్నాయి. పెద్దవి దాని గొంతు దిగవు.

గుల్లమ్మ అనే పీత ఒక్కతే కంతకు అడ్డం నిలబడి చూసింది, ఆపలేకపోయింది. అక్కచెల్లెళ్లు ముగ్గురినీ పిలుచుకొచ్చింది. పెద్దవాటిని పోనిచ్చి చిన్నవాటిని ఆపుతామంటూ నలుగురూ కంత చుట్టూ చేతులు చాచి, కదలకుండా కూర్చున్నారు.

"పెద్దది దూరే కంతలో చిన్నది దూరదా, పిచ్చిదానా?" అని కొంగ నవ్వింది.

కంత ఇప్పుడు ఇరుకు. చలికి కప్పలన్నీ కప్పుకు తిరిగే నాచు దుప్పటి విప్పితే తప్ప ఏ కప్పా పట్టదు. పెద్ద కప్ప విప్పింది. వణికేలోపే నాలుగు చేతులూ ఒంటికి వెచ్చగా ఆనాయి, హాయిగా దాటేసింది. చిన్న కప్పా విప్పింది. ఆ బక్క ఒంటికి ఏ చేయీ ఆనలేదు. చలికి గజగజలాడి, దుప్పటి కప్పుకుని వెనక్కి పరిగెత్తింది.

"అడిగావుగా, దూరదు కొంగమ్మా," అంది గుల్లమ్మ. "ఇంకో మడుగు వెతుక్కో."