కింది పోర్షన్ చీపురుకర్ర

"పదికి నాలుగు!" అని పత్రికలో వచ్చిన సమీక్ష పైకి చదివాడు లోరిస్, కాఫీ బార్‌లో నలుగురికీ వినపడేలా.

నెవియో కాఫీ కప్పులోకి తల దూర్చాడు.

"ఆగు, ఇంకా ఉంది. 'నిద్ర పట్టనివాళ్లకి ఈ ఆల్బమ్ మందులా పనిచేస్తుంది.' చూశావా, ఒక మంచి మాట కూడా రాశారు!"

"ఒరేయ్, నువ్వు నా స్నేహితుడివా, వాళ్ల మనిషివా?"

మూడేళ్ల కిందట నెవియో మొదటి ఆల్బమ్‌ని బొలోన్యా కుర్రకారంతా నెత్తిన పెట్టుకుంది. అద్దె గదిలో, ఒకే ఒక్క మైకుతో చేసిన పాటలవి. రెండోదాన్ని మిలాన్‌లో, గోడలకి మెత్తలు అంటించిన స్టూడియోలో ఎనిమిది నెలలు చెక్కాడు. అది చతికిలబడింది. నెలాఖరులోగా నాలుగు కొత్త పాటలు వినిపించాలి, నచ్చకపోతే ఇక సెలవు అని మ్యూజిక్ కంపెనీవాళ్లు మర్యాదగానే చెప్పారు.

"మొదటిదానికి ఉన్నదేమిటి, దీనికి లేనిదేమిట్రా?" అన్నాడు లోరిస్.

"సిన్యోరా ఇల్దే పోరు."

ఇల్దే ఆ అద్దె గదికి కింది పోర్షన్ ముసలావిడ. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా చప్పుడు చేయకూడదని ఆ బిల్డింగు కట్టుబాటు. సాయంత్రాలు బార్‌లో పనిచేసే నెవియోకి గిటార్ పట్టే తీరిక సరిగ్గా అప్పుడే దొరికేది. పాట సగంలో ఉండగా కింద నుంచి పొడుగాటి చీపురుకర్రతో కప్పు మీద టక్ టక్ టక్! పళ్లు నూరుకుని మళ్లీ మొదలుపెట్టేవాడు. మళ్లీ టక్ టక్ టక్! ఎప్పుడైనా కర్ర మోగలేదంటే ఆవిడకి కునుకు పట్టిందనుకుని, గబగబా పాట రికార్డు చేసేసుకునేవాడు.

మెట్ల మీద ఎదురైతే ఆవిడ నవ్వేది. అతను మొహం తిప్పుకునేవాడు.

"అయితే నీకు ఆ పోరే కావాలేమో," అన్నాడు లోరిస్. నెవియో ఖాళీ చేసిన ఆ గదిలో పది రోజులుగా అద్దెకుంటున్నది లోరిసే. "రేపు మధ్యాహ్నం వచ్చి వాయించుకో."

మర్నాడు ఒంటిగంటకి నెవియో కొత్త పాట ఎత్తుకున్నాడు. కింద చప్పుడు లేదు. గొంతు పెంచాడు. చప్పుడు లేదు. కాలితో నేల తన్నాడు.

పై అంతస్తు వకీలుగారు కిటికీలోంచి తల పెట్టి, "సిగ్గులేదూ? మనుషులు నిద్రపోవద్దా?" అని అరిచారు.

తిట్టయితే వచ్చింది గానీ, పాట ఈడ్చుకుంటూనే ఉంది.

నెవియోకి నవ్వొచ్చింది, వెంటనే బెంగ కూడా వేసింది. అన్నాళ్లూ ఆవిడని ఒక్కసారైనా తిన్నగా పలకరించలేదు. మూలకొట్లో క్రీము మిఠాయిలు కట్టించుకుని వచ్చి కింది తలుపు తట్టాడు.

తలుపు తీసింది ఇల్దే కాదు. అరవై దాటిన ఒకావిడ. ఆమె వెనక అన్నీ అట్టపెట్టెలు.

"పిన్ని ఫిబ్రవరిలో పోయింది నాయనా. తొంభై ఒకటి. ఆ రోజు కూడా టోర్టెలీని మారు వడ్డించుకు తింది. నేను మిరెల్లాని, ఆవిడ అక్క కూతుర్ని."

నెవియో మొహం వాడిపోయింది. "క్షమించమని అడుగుదామని వచ్చానండీ. పైన గిటార్ వాయించి ఆవిణ్ణి నిద్రపోనివ్వలేదు."

"నువ్వేనా ఆ అబ్బాయివి!" మిరెల్లా పెద్దగా నవ్వింది. "నిద్రా? ఒంటిగంటకల్లా అంట్లు తోమేసి, కుర్చీ లాక్కుని, చీపురు పట్టుకుని నీకోసం కాచుక్కూచునేది! నేను ఫోన్ చేస్తే, 'పెట్టెయ్యవే, అబ్బాయి మొదలెట్టాడు' అనేది."

"మరి ఆ కొట్టడం?"

"లయ జారినప్పుడల్లా కొట్టేది. సరిగ్గా పాడితే ఊరుకునేదిగా?"

నెవియో తలెత్తి కప్పు వంక చూశాడు, నిండా కర్ర తగిలిన గుంటలు.

"నీ రెండో ఆల్బమ్ కొని తెచ్చుకుంది. రెండు పాటలు విని ఆపేసి, 'పాపం పిల్లాడు, అక్కడ కొట్టేవాళ్లు లేరల్లే ఉంది' అంది. చీపురు నీకిమ్మని కూడా చెప్పింది. చాదస్తం అనుకున్నా."

"లయ సంగతి ఆవిడకెలా తెలుసండీ?"

మిరెల్లా ఒక చేత్తో మిఠాయి పొట్లం అందుకుని, రెండో చేత్తో మూలనున్న దుప్పటి లాగింది.

దాని కింద ఒక పెద్ద డ్రమ్ము, దాని మీద అరిగిన రెండు పుల్లలు, పక్కనే ఫొటోలో ఆ పుల్లలే పట్టుకుని, రిమిని ఊరి డాన్సు హాళ్లని నలభై ఏళ్లు ఆడించిన ఇల్దే అచ్చం మెట్ల మీద నవ్వినట్టే నవ్వుతోంది.