మూడో సిలిండర్

“తొక్కితే వణుకుతాండాదన్నా!”

పొద్దున పది కొట్టేసరికి ఫోన్‌లో ఇదే మాట. ఓబిలేష్ ఫోన్‌ను కుడి చెవి నుంచి ఎడమ చెవికి మార్చాడు. కుడి చెవి మనుషులకు, ఎడమ చెవి ఇంజన్లకు. ముప్పై ఐదేళ్ళుగా ఆయన పద్ధతి అది.

రాప్తాడు దగ్గర పాత రోడ్డు మీద ఆయన మెకానిక్ షెడ్డు. ఒకసారి మంచం మీద పడుకునే, రోడ్డున పోయే లారీ మోత విని, “వీడు ధర్మవరం దాటడు” అన్నాడట. లారీ సరిగ్గా ధర్మవరం పొలిమేరలో కూలబడిందట. ఈ కథ జిల్లా అంతా చెప్పుకుంటారు. ఎక్కువసార్లు చెప్పింది మాత్రం ఓబిలేషే.

కొత్త రోడ్డు పడ్డాక బళ్ళన్నీ అటే మళ్ళాయి. ఎదురుగా ఉన్న టీ కొట్టు లేచిపోయింది. పంక్చర్లు వేసేవాడూ పోయాడు. ఇప్పుడు షెడ్డుకు వచ్చేది గాలి ఒక్కటే. అదీ గుప్పెడు దుమ్ము పోసి, పలకరించకుండా వెళ్ళిపోతుంది.

మిగిలిన గిరాకీ రామదాసు ఒక్కడే. గోరంట్ల అవతల పల్లెలో ఉంటాడు. ఒకప్పుడు టాక్సీ తోలినవాడు. షెడ్డు గోడ మీద ఉన్న ఓబిలేష్ నంబరు ఎప్పుడో రాసి పెట్టుకున్నాడట. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. ఇరవై రోజులుగా తన కారు రోగం గురించి రోజూ ఫోన్.

“నిలబెట్టినప్పుడో?” అని మొదటి రోజే అడిగాడు ఓబిలేష్.

“నిలబెట్టినప్పుడు పెండ్లికొడుకు మాదిరి ఉంటాది. తొక్కితేనే చలిజ్వరం.”

“ఫోన్ దగ్గరగా పెట్టు. తొక్కు.”

చప్పుడు మొదలైంది. ముందు మెత్తగా, తర్వాత గర్రుమని, ఆ పైన డుబ్ డుబ్ అని తడబడుతూ. ఓబిలేష్ కళ్ళు మూసుకున్నాడు.

“ఆపు, ఆపు. మూడో సిలిండర్. అది మండల్యా. ప్లగ్గు పీకి చూడు.”

“పీకినా. నల్లగా ఉండాది.”

“అప్పుడే పీకేస్తివా? ఇంత బిరీననా?”

“నా చేయి అట్లాంటిదిలే అన్నా.”

మర్నాడు కొత్త ప్లగ్గు. వణుకు పోలేదు.

“మూడోదాని కాయిల్ తీసి రెండోదానికి పెట్టు,” అన్నాడు ఓబిలేష్. పెట్టానన్నాడు రామదాసు. చప్పుడు వినిపించాడు. “అదో! రోగం రెండో ఇంటికి కాపురం మార్చినాది. కాయిలే దొంగ. కొత్తది వెయ్యి.”

కొత్తది వేశాడు. మర్నాటికి వణుకు మళ్ళీ మూడో ఇంట్లోనే ఉంది.

పెట్రోలు ఫిల్టర్ అయింది. ఇంజను కింద రబ్బర్లు అయ్యాయి. రోగం గురించి పది నిమిషాలు, మిగతా గంట లోకం గురించి. వాన రాలేదని ఒకడు, మబ్బు మాత్రం వచ్చి నవ్వి పోయిందని ఒకడు. సంగటి మాడిందని ఒకడు, మాడిన సంగటితో టైరుకు ప్యాచ్ వేయొచ్చని ఒకడు. పదయ్యే వేళకు ఓబిలేష్ ముఖం కడుక్కుని, తల దువ్వుకుని కూర్చోవడం అలవాటైంది. ఫోన్‌కు దువ్విన తల కనిపించదని ఆయనకు తెలియక కాదు.

ఒకరోజు రామదాసు నవ్వుతూ అనేశాడు. “నీ ఎడమ చెవికి కూడా వయసైపోయినాదేమోలే అన్నా.”

ఆ మాట మేకులా దిగింది. షెడ్డుకు గిరాకీ పోయింది, రోడ్డు పోయింది. ఆ చెవి ఒక్కటే మిగిలిన ఆస్తి. కారు బాగైతే ఫోన్ రాదు. బాగు కాకపోతే పేరు ఉండదు. రెండు రాత్రులు దొర్లి దొర్లి, పేరే కావాలనుకున్నాడు.

చెప్పకుండా బయలుదేరాడు. పానాల పెట్టె భుజాన వేసుకుని, రెండు బస్సులు మారి, ఆటో దిగి ఊళ్ళోకి నడిచాడు. గంటలో కారు నయం చేసి, రామదాసు ముందు మీసం తిప్పి రావాలని ఆయన ఆలోచన.

“దాసప్ప ఇల్లా? ఆ కిత్తనార కంచె వెనకాల,” అంది బిందె మోసుకుపోతున్న ఆడమనిషి. “సుట్టమా? ఆయప్పకు సుట్టాలు ఉండారని ఎవరికీ తెల్దే!”

కంచె దాకా వచ్చాడో లేదో, జేబులో ఫోన్ గురగురమంది. పది అయింది.

“అన్నా, ఈ పొద్దు ఇంగా ఎక్కువైనాది.”

“తొక్కు. వింటా,” అన్నాడు గొంతు తగ్గించి.

ఎడమ చెవిలో చప్పుడు మొదలైంది. కంచె అవతల నుంచి కుడి చెవికీ అదే చప్పుడు వచ్చింది. ఓబిలేష్ మునివేళ్ళ మీద లేచి కిత్తనార మట్టల మీదుగా చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఏమన్నా, మాట్లాడవే? ఏమంటాది నీ ఎడమ చెవి?”

ఓబిలేష్ గొంతు సవరించుకున్నాడు.

“మూడోదేనప్పా. మొండి రోగం. ఒగ పొద్దుతో పోయేది కాదు.”

“ఎన్నాళ్ళు పట్టచ్చు?”

“ఎన్నాళ్ళని చెప్పేది? దినామూ వినాల్సిందే. ఒగ దినం తప్పిస్తివా, నిలిచిపోతాది. రేపు పదికి చెయ్. మర్సిపోవద్దు.”

“మర్సిపోతానా అన్నా!”

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గేటు తట్టలేదు. పెట్టెలో పానాలు గలగలమనకుండా చేత్తో అదిమిపట్టుకుని, వచ్చిన దారినే ఆటో కోసం నడిచాడు.

కంచె అవతల కారు లేదు. ఖాళీ వాకిట్లో నులకమంచం మీద ఒక్కడే కూర్చుని, బుగ్గలు పూరించి, రామదాసు రేపటి చప్పుడును నోటితో సాధన చేస్తున్నాడు.