వచ్చే మంగళవారం మళ్లా చెప్పు

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఎప్పుడూ ఒకే ప్రశ్న వేసేవారు.

“ఈ వారం దేవుని గురించి ఎవరికైనా చెప్పినవాళ్లు చెయ్యెత్తండి.”

చుట్టూ చేతులు లేచేవి. భార్గవి మాత్రం సరిగానే ఉన్న చున్నీని సర్దుకుంటూ తల దించుకునేది.

ఆమె జీవితంలో ఒక్కసారే చెప్పింది. సింహాద్రిపురంలో, సొంత ఇంట్లో. గొర్రెలు కాసే ఇల్లు అది. “నేను బాప్తిస్మం తీసుకున్నా నాయనా” అనగానే నాయన చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేసి లేచిపోయాడు. ఆ తర్వాత ఆ ఇంటి నుంచి ఫోన్ రాలేదు. ఆమె చేస్తే ఎత్తలేదు.

ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒక బట్టల షాపులో చీరలు మడతపెడుతోంది. పగలంతా నూరు మందితో మాట్లాడుతుంది, అంచు గురించి, రంగు గురించి. గదికొచ్చాక పలకరించే దిక్కు లేదు.

మంగళవారం ఆమెకు సెలవు. ఆ రోజు జమ్మలమడుగు రోడ్డులో ఉన్న వృద్ధాశ్రమానికి వెళ్లేది. మొదటిసారి చర్చి సంఘం ఆడవాళ్లతో కలిసి అరటిపండ్లు పంచడానికి వెళ్లింది. మిగతావాళ్లు ఫొటోలు దిగి మళ్లీ ఆ ఛాయలకు రాలేదు. భార్గవి మాత్రం వెళ్తూనే ఉంది. అక్కడ పెద్దక్క అనే అవ్వ ఉంది మరి.

పెద్దక్కకు ఎనభై దాటాయి. తెల్లటి తల, నుదుట రూపాయంత ఎర్రటి బొట్టు. ఆమెను చూడడానికి ఎవరూ వచ్చేవారు కాదు. భార్గవి కనబడగానే మంచం మీద జరిగి చోటిచ్చేది.

“తిన్యావా పాపా? మొగమంతా పీక్కపోయింది.”

ఆ మాట అడిగే మనిషి భార్గవికి ఆమె ఒక్కతే. అందుకే భయం. ఆ బొట్టు చూసింది కదా. తన దేవుడి మాటెత్తగానే ఈమె కూడా ముఖం తిప్పుకుంటే? పండు ఒలిచి పెట్టి, చెప్పాలనుకున్నది మింగేసి వచ్చేసేది. దారంతా తనను తానే తిట్టుకునేది.

ఒక మంగళవారం పెద్దక్కే అడిగింది.

“నీ సంచిలో ఆ నల్ల పుస్తకం ఏంది పాపా? వచ్చినప్పుడల్లా తెస్తాండావు, ఒగసారన్నా బయటికి తియ్యవు.”

భార్గవి సంచిని ఒళ్లోకి లాక్కుంది. “బైబిలవ్వా.”

“అందులో ఏముండాది? చిన్న అక్షరాలు నాకు కనపడవు. నువ్వే చెప్పు.”

భార్గవి తెలిసిన కథ ఎత్తుకుంది. నూరు గొర్రెలు, ఒకటి తప్పిపోవడం, కాపరి వెతుక్కుంటూ పోవడం. గబగబా చెప్పేసింది. పక్క మంచంలో భారతమ్మ దుప్పటి లాక్కుని గోడవైపు తిరిగింది. భార్గవి మనసు చివుక్కుమంది.

పెద్దక్క వదల్లేదు. “తొంబై తొమ్మిదింటిని ఇడిసిపెట్టి ఒగదానికోసం పోతాడా యాడన్నా? మీ నాయన పోతాడా?”

“పోయినాడవ్వా. నా చిన్నప్పుడు ఒక గొర్రెపిల్ల కొండలో తప్పిపోతే రెండు దినాలు అన్నం లేకుండా తిరిగినాడు. భుజాన ఏసుకొని వచ్చినాడు. కాళ్లనిండా ముండ్లు. అయినా నవ్వుతాండాడు...”

గొర్రెపిల్ల కోసం కొండెక్కిన నాయన, కూతురి కోసం ప్రొద్దుటూరు బస్సెక్కలేదు. భార్గవి వెక్కి వెక్కి ఏడ్చింది.

పెద్దక్క ఆమె తల నిమిరింది. “ఇట్ల చెప్పల్ల. ఇందాకటి మాదిరి బళ్లో పాఠం అప్పజెప్పినట్ల చెప్తే ఎవురు ఇంటారు?” ఆమె కన్నీళ్లు తుడిచి, “అయినా నాకు సరిగ్గా అర్థం కాల్యా. వచ్చే మంగళవారం మళ్లా చెప్పు” అంది.

భార్గవి మళ్లీ చెప్పింది. పై వారం ఇంకో కథ, ఆస్తి పంచుకుని పోయి అంతా పోగొట్టుకుని తండ్రి దగ్గరికి తిరిగొచ్చిన కొడుకుది. పెద్దక్క ఊరికే వినే రకం కాదు.

“దుడ్లన్నీ తగలేసొచ్చిన కొడుకును నాలుగు తన్నకుండా కావలించుకుంటాడా ఏ తండ్రైనా?”

భార్గవి వారమంతా చీరలు మడతపెడుతూ దానికి జవాబు వెతుక్కునేది. ఏం చెప్పినా చివరికి అదే మాట, అర్థం కాల్యా, మళ్లా చెప్పు. భారతమ్మ ప్రతిసారీ గోడవైపు తిరిగేది.

ఎనిమిది నెలలు గడిచాయి. ఆదివారాలు చేతులు లేస్తూనే ఉన్నాయి. భార్గవి ఎత్తలేదు. వినే ఒక్క అవ్వకే అర్థం కానప్పుడు ఏ ముఖంతో ఎత్తుతుంది?

ఆ మంగళవారం వెళ్లేసరికి పెద్దక్క మంచం మీద పరుపు చుట్టిపెట్టి ఉంది.

“శుక్రవారం పోయింది పాపా” అంది ఆయా యశోద. “చెబుదామంటే నీ నంబరు మా దగ్గర ల్యాకపాయ.”

ఆమె చేతిలో దువ్వెన, కుంకుమ భరిణె ఉన్నాయి. పొద్దున్నే అందరి తలలూ దువ్వి, వరసగా బొట్లు పెట్టుకుంటూ పోవడం ఆమె పని. ఎవరినీ అడిగి పెట్టేది కాదు.

భార్గవి ఆ ఉత్త మంచం మీద కూర్చుంది. అరటిపండ్లు ఒళ్లో ఉన్నాయి. ఇక గదికి పోవాలి. పోయి ఎవరితో మాట్లాడాలి?

చాలాసేపటికి లేచింది. తలుపు వైపు కాదు, భారతమ్మ మంచం దగ్గరికి నడిచింది. ముసలామె ఈసారి గోడవైపు తిరగలేదు.

“అవ్వా, నీకొక మాట చెప్పల్ల.”

ఎవరూ అడగకుండానే మొదలుపెట్టింది. నాయన గురించి చెప్పింది, కొండ గురించి, ముండ్ల గురించి, భుజానికెక్కిన ఆ పిల్ల గురించి చెప్పింది. తప్పిపోయిన తనను ఎవరు వెతుక్కుంటూ వచ్చారో కూడా చెప్పింది. ఈసారి తొందరపడలేదు.

భారతమ్మ కొంగుతో కండ్లొత్తుకుంది. “శానా బాగా చెప్పినావు పాపా. పెద్దక్క చెప్పినప్పుడు గూడా నాకింత ఏడుపు రాల్యా.”

“ఆమె నీకు చెప్పిందా? ఆమెకే అర్థం కాలేదనింది కదవ్వా!”

“ఆ మాట అనినప్పుడల్లా నవ్వు ఆపుకోల్యాక నేను గోడపక్కకు తిరుక్కుంటాంటి. నలభై ఏండ్లు ఆ పుస్తకం చంకన పెట్టుకోని జమ్మలమడుగు పల్లెలన్నీ నడిచి, ఇంటింటికీ ఆ కథలే చెప్పిన మనిషి పాపా పెద్దక్క!”