ఒకే డబ్బా

నాచారంలోని సర్కారు ఆరోగ్య కేంద్రంలో ప్రతి టీబీ రోగికీ పేరు రాసిన మందుల డబ్బా ఒకటి ఉంటుంది. మాత్రలు కార్యకర్త కళ్లముందే మింగాలి. దారం ఫ్యాక్టరీలో పనిచేసే లింగస్వామి మాత్రలు నోట్లో వేసుకుని, నీళ్లు తాగి లేచాడు.

"అన్నా, జర నోరు తెరువు," అంది కార్యకర్త కృప. ఇన్ని నెలలు మందిచ్చినా అతని కఫంలో క్రిములు పోలేదు.

లింగస్వామి తలదించుకుని, బుగ్గన దాచిన మాత్రలు అరచేతిలోకి ఉమ్మాడు.

"గిట్ల జేస్తే సచ్చిపోతవన్నా!"

"నా పెండ్లాం గూడ నెత్తురు దగ్గుతున్నది మేడం. సర్కారు పైసల్ రాలె, కొత్త డబ్బాలు లేవంటిరి. బయట కొనేటంత మా తాన లేదు. ఓసారి నేను, ఓసారి ఆమె మింగుతున్నం."

డబ్బాలు లేవని చెప్పింది కృపే. సగం సగం మందుతో ఇద్దరూ దక్కరని కూడా ఆమెకు తెలుసు.

గ్లాసులో మళ్లీ నీళ్లు పోసింది. "మింగన్నా," అంది, అతని ముఖం చూడలేక.

లింగస్వామి ఏడుస్తూ మింగాడు. నోరు తెరిచి చూపించాడు.

తలుపు బయట అతని భార్య, నీళ్ల సీసా మూత తీసి పట్టుకుని, అరచేయి చాచి నిలబడి ఉంది.