మూడేళ్ళుగా ఖాళీ

“ఈసారి కూడా చూలు నిలవక ఖాళీ అయితే ఈ గుర్రాన్ని లారీ ఎక్కించెయ్యడమే,” అన్నాడు యజమాని పాక గుమ్మంలో నిలబడి. “మూడేళ్ళుగా దండగ మేత మేస్తోంది.”

పొద్దుటి నుంచి ఒకదాని తర్వాత ఒకటిగా ఆడగుర్రాలన్నిటికీ చెయ్యి పెట్టి చూసీ చూసీ డాక్టరమ్మ భుజం లాగేస్తోంది. ఇదే ఆఖరిది. ఆమె ఇక్కడికి కొత్తగా వచ్చింది. అయినా లారీ ఎక్కిన గుర్రాల సంగతి ఆమెకూ తెలుసు. అవి ఎక్కడికి పోతాయని ఈ పాకల్లో ఎవరూ అడగరు. అడిగి తెలుసుకుంటే మర్నాడు పనికి చేతులు రావు మరి.

గుర్రాలను చూసుకునే తాత తోకను పక్కకు పట్టుకుని నిలబడ్డాడు. పిల్లగా ఉన్నప్పటి నుంచి దాన్ని సాకింది ఆయనే. మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఒంట్లో బాగాలేదా తాతా?”

“బాగానే ఉందమ్మా. మీరు తొందరగా కానివ్వండి.”

పాపం, భయపడుతున్నాడు అనుకుంది. భుజం దాకా గ్లోవు తొడుక్కుని, స్కానింగ్ పరికరం పట్టుకుని చెయ్యి లోపలికి పోనిచ్చింది. తెర మీద బూడిదరంగు మధ్య ఏదో గుండ్రంగా కనిపించింది. రెండు వారాల చూలు చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది.

“నిలిచిందా?” యజమాని మెడ సాచాడు.

తాత చేతిలోంచి తోక జారిపోయింది.

“ఉండండి.” ఆమె వేళ్ళతో తడిమింది. చూలైతే మెత్తగా తగలాలి. ఇది రాయిలా తగిలింది. మళ్ళీ తడిమింది. అంత అలసటలోనూ నవ్వొచ్చింది.

“చూలు కాదండీ, గాజు గోళీ! పోటీలకు తిప్పే గుర్రాలు ఎదకు రాకుండా ఇలా లోపల పెడతారు. గర్భసంచి తనకు చూలు నిలిచిందనుకుని ఊరుకుంటుంది.”

“ఓరి దేవుడా! మధ్యలో ఒకసారి పోటీలకు తీసుకెళ్ళాం. అప్పుడు పెట్టి తియ్యడం మర్చిపోయుంటాడు పాత డాక్టరు. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఊరంతా వెతికే రకం ఆయన!”

“గర్భసంచి శుభ్రంగా ఉంది. ఇది తీసేస్తే వచ్చే ఎదకే దాటించొచ్చు.”

“అయితే లారీ అక్కర్లేదా?”

“ఎందుకండీ ఇంక లారీ!”

నడుం విరిగేలా తంటాలు పడితే గోళీ బయటికొచ్చింది. నిమ్మకాయంత ఉంది. యజమాని దాన్ని చూసి పకపకా నవ్వి, మంచి మగగుర్రం కోసం ఫోన్లు చేసుకుంటూ వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ బోర్లించిన బకెట్ మీద కూలబడింది. ఇన్నాళ్ళ చాకిరీలో ఈ ఒక్క రోజుకు అర్థం ఉందనిపించింది. తాత గోళీని తుడుస్తున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

“ఏడవకు తాతా. నీ బిడ్డ బతికింది.”

“పోయిన ఈతకి లోపల రక్తనాళం తెగిందమ్మా. చావు తప్పి బయటపడింది. ఇంకో ఈత తట్టుకోలేదని పాత డాక్టరుగారు ఎంత చెప్పినా అయ్యగారు వినలేదు. నేను కాళ్ళా వేళ్ళా పడితే ఆ డాక్టరుగారే ఈ గోళీ పెట్టారు.”

ఆమె బకెట్ మీంచి దిగ్గున లేచింది.

“అదేంటి తాతా... ఖాళీ అంటే లారీ ఎక్కించేవాళ్ళు కదా! అక్కడ మాత్రం బతకనిస్తారా?”

తాత గుర్రం మెడ నిమురుతూ ఆమె వైపు తిరగకుండానే అన్నాడు.

“ఆ లారీ మా అల్లుడిదమ్మా. దీనికోసం పెరట్లో పాక కూడా వేసేశాం.”