దిగే చోటు

ఆకాశం మున్సిపాలిటీ సొత్తు కాదని కోర్టు తేల్చేసింది. తీర్పు జేబులో పెట్టుకుని తిన్నగా పార్కుకు పోయి డ్రోన్ లేపాను. అక్కడ నిషేధం బోర్డు పాతించిన ఇన్‌స్పెక్టరు సాక్షాత్తూ నా బావమరిదే.

"ఇప్పుడు ఆపవోయ్, చూద్దాం!"

"ఎందుకు బావా? తనివితీరా ఎగరేసుకో," అని ఇకిలించాడు. "మొదటి పేజీయే చదివినట్టున్నావ్. నేల మాదేనని రెండో పేజీలో ఉంది. పార్కులో ఎక్కడ దింపినా జప్తే."

రిమోట్ కూతపెట్టింది. బ్యాటరీ రెండు నిమిషాలే ఉంది. చేత్తో పట్టుకుంటే రెక్కలు వేళ్లు తెగ్గోస్తాయి.

చుట్టూ చూశాను. గడ్డి మున్సిపాలిటీది, బెంచీలు మున్సిపాలిటీవి, ఆఖరికి చెత్తడబ్బాలూ వాళ్లవే.

డ్రోన్‌ను మెల్లగా అతని నెత్తిమీదికి తెచ్చాను.

"కదలకు బామ్మర్దీ! నీ బట్టతల మున్సిపాలిటీది కాదుగా."